లారీ డ్రైవర్‌కి మీ కారు కనిపిస్తోందా?

శుక్రవారం సాయంత్రం హైదరాబాద్‌లో లాగౌట్ కొట్టి, తినేసి, రాత్రి పదింటికి కారు తీసి, తెల్లారేసరికి గుంటూరో భీమవరమో చేరిపోదాం అనుకునేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. ఈ ఎపిసోడ్ ముఖ్యంగా వాళ్ళ కోసం.

కార్లకీ లారీలకీ మధ్య జరిగే యాక్సిడెంట్ల గురించి ఎప్పుడు మాట్లాడినా కామెంట్లలో ఒకటే గోల. "లారీ వాళ్ళు రైట్ లేన్ వదలరు బ్రో, ఇండికేటర్ వెయ్యరు, తాగి నడుపుతారు." అదే లారీ వాళ్ళని అడిగితే, "కార్ల పిల్లలకి లోడు బండి అంటే ఏంటో తెలీదు" అంటారు. రెండిట్లోనూ నిజం ఉంది. కానీ గుద్దుకున్నాక ఎవరిది కరెక్ట్ అనేది పోలీసులు తేల్చేలోపు, కారులో వాళ్ళ సంగతి అయిపోయి ఉంటుంది. లోడుతో ఉన్న పది చక్రాల లారీ మొత్తం బరువు 28.5 టన్నుల దాకా ఉండొచ్చని రూలే చెప్తోంది. మన హ్యాచ్‌బ్యాక్ ఒక టన్ను. కాబట్టి ఈ రోజు ఎక్కువగా కారు వైపు నుంచే మాట్లాడతా.

ముందు ఒక్క లెక్క. కేంద్ర రోడ్డు రవాణా శాఖ రిపోర్ట్ ప్రకారం 2022లో దేశంలో 4,61,312 యాక్సిడెంట్లు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. అందులో ఏ రకం ఎక్కువ అని చూస్తే ఎదురెదురుగా గుద్దుకోవడం అనుకుంటాం కదా, కాదు. వెనక నుంచి గుద్దడం. దాదాపు అయిదో వంతు యాక్సిడెంట్లు అవే. "ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు" అనే హెడ్డింగ్ పేపర్లో ఎన్నిసార్లు చూసి ఉంటారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. చూసిన ప్రతిసారీ మనకొచ్చే డౌట్ ఏంటంటే, అంత పెద్ద లారీ కనపడకపోవడం ఏంటి? కళ్ళు మూసుకుని నడిపాడా?

కొందరు నిజంగానే నిద్రపోయి ఉంటారు. కానీ కళ్ళు బాగానే తెరుచుకున్నా గుద్దేయొచ్చు. ఎలాగో చూద్దాం.

రాత్రి, విజయవాడ హైవే, 100 మీద వెళ్తున్నారు. నాలుగు లేన్ల హైవే మీద కారుకి అది చట్టబద్ధమైన స్పీడే. లో బీమ్‌లో ఉన్నారు. లైట్లు లేని, దుమ్ము పట్టిన ఒక లారీ వెనక భాగం లో బీమ్‌లో మీకు ఎంత దూరంలో కనిపిస్తుంది? ఒక 50, 60 మీటర్లు. మధ్యలో 55 అనుకుందాం. 100 కి.మీ. స్పీడ్ అంటే సెకనుకి దాదాపు 28 మీటర్లు. కనిపించింది "ఆగి ఉన్న లారీ" అని బుర్ర అర్థం చేసుకుని, కాలు బ్రేక్ మీదకి వెళ్ళడానికి ఒకటిన్నర సెకను పడుతుంది. ఈలోపే 42 మీటర్లు అయిపోయాయి. ఇక మిగిలింది 13 మీటర్లు. పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో, ఫుల్ బ్రేక్ కొట్టినా 100 నుంచి సున్నాకి రావడానికి ఇంకో 56 మీటర్లు కావాలి. 13 మీటర్లలో ఏం తగ్గుతుంది? లెక్కేస్తే, లారీని తగిలేటప్పటికి మీ స్పీడ్ ఇంకా 88 ఉంటుంది.

అదే 80 మీద వస్తే? రియాక్షన్‌కి 33 మీటర్లు పోతాయి, 22 మీటర్లు బ్రేకింగ్‌కి మిగులుతాయి, అయినా 50 స్పీడ్‌లో గుద్దుతారు. 60 మీద వస్తే 25 మీటర్లు రియాక్షన్, 20 మీటర్లు బ్రేకింగ్, మొత్తం 45. లారీకి పది మీటర్ల ముందు ఆగిపోతారు. బయటికి దిగి తిట్టుకోవచ్చు.

అంటే మీ హెడ్‌లైట్ ఎంత దూరం చూపిస్తుందో, అంత దూరంలో ఆగగలిగే స్పీడే మీ స్పీడ్. మిగతాదంతా, చీకట్లో ఏమీ ఉండదులే అనే నమ్మకం. ఎదురుగా వెహికల్స్ లేనప్పుడు, లేదా డివైడర్ మీద గన్నేరు మొక్కలు ఎత్తుగా ఉండి అవతలి వాళ్ళకి లైటు కొట్టనప్పుడు హై బీమ్ వెయ్యండి. ఆ మొక్కలు అందం కోసమే కాదు, ఎదుటి లైట్ కళ్ళలో పడకుండా కూడా. ముందు ఎవరైనా ఉంటే మాత్రం డిప్ చెయ్యాలి. లారీల వెనక "డిప్పర్ వాడండి" అని రాసి ఉండేది అందుకే, డిజైన్ కోసం కాదు.

సరే, మరి లారీ రోడ్డు మధ్యలో ఎందుకు ఆగింది? పక్కకి తీసి పెట్టుకోవచ్చు కదా? ఈ ప్రశ్న నాకూ ఉండేది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక మెకానిక్ బాబాయ్ చెప్పాక అర్థమైంది. లారీకి ఉండేది గాలి బ్రేకులు. మనం అనుకునేది ఏంటంటే గాలి వస్తే బ్రేక్ పడుతుంది, గాలి పోతే బ్రేక్ పోతుంది అని. పార్కింగ్ బ్రేక్ విషయంలో ఇది తలకిందులు. లోపల ఒక గట్టి స్ప్రింగ్ ఉంటుంది. గాలి ప్రెషర్ ఆ స్ప్రింగ్‌ని నొక్కి పట్టి ఉంచితేనే చక్రం ఫ్రీగా తిరుగుతుంది. ఎక్కడైనా పైపు పగిలి గాలి దిగిపోయిందంటే స్ప్రింగ్ విచ్చుకుని చక్రాన్ని పట్టేస్తుంది. బ్రేక్ ఫెయిలై బండి దొర్లిపోకూడదని పెట్టిన సేఫ్టీ అది. మంచి డిజైనే. కానీ దానివల్ల గాలి దిగిన బండి ఉన్నచోటే బిగుసుకుపోతుంది. నలుగురు నెట్టినా కదలదు. యాక్సిల్ విరిగినా, లోడు మీద టైరు పేలినా ఇంచుమించు అంతే.

అలాగని అన్నీ బ్రేక్‌డౌన్లే అనుకోకండి. టీ కోసం, నిద్ర కోసం, బ్రోకర్ ఫోన్ కోసం, సిటీలోకి ఎంట్రీ టైం అయ్యేదాకా హైవే అంచున ఆపేసేవాళ్ళు బోలెడు మంది. హైదరాబాద్‌లోకి పగలు పెద్ద బండ్లని రానివ్వరు కాబట్టి అవన్నీ బయట ఎక్కడో ఒకచోట ఆగాలి. ఆగడానికి జాగా ఎక్కడుంది? లే-బైలు ఉన్నచోట లైట్లు ఉండవు, లేదా అప్పటికే నిండిపోయి ఉంటాయి. ఆపడం తప్పే, నేను సమర్థించట్లేదు. కానీ ఫైన్ వేసి వెళ్ళిపోతే రేపు అదే లారీ ఇంకో కిలోమీటరు అవతల ఆగుతుంది.

ఇప్పుడు గుద్దాక ఏమవుతుందో చూద్దాం, ఇది కొంచెం కష్టమైన పార్ట్.

మనం కారు కొనేటప్పుడు స్టార్లు చూస్తాం కదా, 5 స్టార్, 4 స్టార్ అని. భారత్ ఎన్‌క్యాప్‌లో ముందు వైపు టెస్ట్ 64 కి.మీ. స్పీడ్‌లో చేస్తారు. ఎదురుగా పెట్టే అడ్డు కారు బంపర్ ఎత్తులో ఉంటుంది. అందుకని బంపర్, దాని వెనక ఛాసిస్ పట్టీలు, బానెట్ భాగం అన్నీ వరసగా నలిగి దెబ్బని మింగేస్తాయి. లోపల మనుషులు బతుకుతారు. లారీ వెనక భాగం అలా ఉండదు. దాని బాడీ నేల నుంచి మన ఛాతీ ఎత్తులో మొదలవుతుంది. కింద ఖాళీ. కారు బానెట్ ఆ ఖాళీలోకి నున్నగా దూరిపోతుంది. నలగాల్సిన భాగానికి ఏమీ తగలదు. మొదట తగిలేది అద్దం, దాని పక్కనున్న పిల్లర్లు, ఆ వెనక మన తలలు. ఎయిర్‌బ్యాగ్ సెన్సర్‌కి దెబ్బ ఆలస్యంగా తెలియొచ్చు. 5 స్టార్ కారైనా ఈ టెస్ట్ రాయలేదు.

ఇలా దూరిపోకుండా ఆపడానికే లారీ వెనక కింద అడ్డంగా ఒక కడ్డీ ఉండాలి. మన దేశంలో దానికి ఐఎస్ 14812 అని స్టాండర్డ్ కూడా ఉంది. నేల నుంచి 550 మిల్లీమీటర్లకి మించి ఎత్తులో ఉండకూడదు, గట్టిగా ఛాసిస్‌కి బిగించి ఉండాలి. అమెరికాలో ఇలాంటి కడ్డీని ఇప్పటికీ మాన్స్‌ఫీల్డ్ బార్ అంటారు. 1967లో జేన్ మాన్స్‌ఫీల్డ్ అనే హాలీవుడ్ నటి ప్రయాణిస్తున్న కారు రాత్రిపూట ఒక ట్రెయిలర్ వెనక కిందకి దూరిపోయింది. ముందు సీట్లో ఉన్న ముగ్గురు పెద్దవాళ్ళు చనిపోయారు, వెనక ఉన్న ముగ్గురు పిల్లలు బతికారు. ఆ పిల్లల్లో ఒకరు తర్వాత పెద్ద టీవీ నటి అయ్యారు, మరిస్కా హార్గిటే.

మన దగ్గర ఈసారి టోల్ ప్లాజాలో ఆగినప్పుడు ముందున్న లారీల కింద చూడండి. కొన్నింటికి కడ్డీ ఉండదు. కొన్నింటికి వంగిపోయి ఉంటుంది, కొన్నింటికి ఇనుప తీగతో కట్టి ఉంటుంది. టిప్పర్లకైతే కంకర దింపేటప్పుడు అడ్డమొస్తుందని పైకి మడిచి పెడతారు. రిఫ్లెక్టర్ టేపు కూడా అంతే. వెనక ఎర్రది, పక్కన పసుపుది, ముందు తెల్లది ఉండాలి. ఉంటుంది కూడా, బురద కింద. నన్నడిగితే ఒక లారీకి చేయగలిగిన అన్నిటికన్నా చవకైన సేఫ్టీ పని, సాయంత్రం లైట్లు వేసేముందు ఆ టేపుని ఒక తడిగుడ్డతో తుడవడం. ఇది చూస్తున్నవాళ్ళలో లారీ ఓనర్ల పిల్లలు, డ్రైవర్ల పిల్లలు ఉంటే ఇంట్లో ఒక మాట చెప్పండి.

ఇక రెండో విషయం, మనం లారీ ముందు చేసే పనులు.

లారీని ఓవర్‌టేక్ చేసి, వెంటనే దాని ముందుకి దూరి, బ్రేక్ కొట్టడం. టోల్ దగ్గర ఫాస్టాగ్ లైన్ చిన్నదిగా ఉందని కట్ కొట్టేవాళ్ళు, ఎగ్జిట్ మిస్ అవుతుందని చివరి క్షణంలో ఎడమకి లాగేవాళ్ళు, ఇలా చాలా రకాలు. లారీ 80లో ఉందనుకోండి. రూల్ ప్రకారం దాని లిమిట్ కూడా అదే. మీరు పది మీటర్ల గ్యాప్‌లో ముందుకి దూరారు, అదే 80లో. ఇప్పుడు ఒక కుక్క అడ్డొచ్చింది, ఫుల్ బ్రేక్ వేశారు. సరిగ్గా 1.7 సెకన్లలో లారీ మీ డిక్కీకి తగులుతుంది. ఆ 1.7 సెకన్లలో లారీ డ్రైవర్ ఏం చేయగలిగాడు? ఒకటిన్నర సెకను మీ బ్రేక్ లైట్లు చూసి కాలు తియ్యడానికే పోయింది. కాలు నొక్కాక గాలి పైపుల్లోంచి చక్రాల దాకా వెళ్ళడానికి ఇంకో అర సెకను. అంటే లారీకి ఇంకా బ్రేకే పడలేదు. ఆయన ఎంత మంచి డ్రైవర్ అనేది ఇక్కడ అసలు లెక్కలోకే రాదు.

బ్రేకు పడ్డాక కూడా కారంత తొందరగా ఆగదు. బ్రేకులు బాగున్న లోడు లారీ 80 నుంచి ఆగడానికి, రియాక్షన్ కలిపి, దాదాపు 93 మీటర్లు తీసుకుంటుంది. కారుకి 69 చాలు. ఓవర్‌లోడ్ అయి, ఘాట్‌లో దిగి బ్రేక్ డ్రమ్ములు వేడెక్కి ఉంటే 93 కూడా సరిపోదు. అందుకే లారీ వాళ్ళు ముందు కొంచెం ఖాళీ ఉంచుకుంటారు. ఆ ఖాళీ చూసి మనం "అబ్బా, జాగా ఉంది" అని దూరతాం. ఆయన మళ్ళీ స్పీడ్ తగ్గించి ఖాళీ చేసుకుంటాడు, ఇంకో కారు దూరుతుంది. సంక్రాంతికి పంతంగి టోల్ నుంచి సూర్యాపేట దాకా ఇదే సినిమా.

ఓవర్‌టేక్ చేశాక ఎప్పుడు లేన్‌లోకి రావాలి అంటే, మీ లోపలి అద్దంలో లారీ ముందుభాగం మొత్తం, రెండు హెడ్‌లైట్లు, కింద టైర్లతో సహా కనిపించాక. పక్క అద్దంలో చూసి రాకండి, అందులో దూరం తప్పుగా తెలుస్తుంది.

మూడోది కనబడటం. దీని కోసం మేము ఒక చిన్న ప్రయోగం చేశాం, వీడియోలో చూసే ఉంటారు. ఒక యార్డులో ఆగి ఉన్న పన్నెండు చక్రాల లారీలో డ్రైవర్ సీట్లో నేను కూర్చున్నా, మా ఫ్రెండ్ హ్యాచ్‌బ్యాక్‌ని లారీ చుట్టూ ఒక్కోచోట పెడుతూ వెళ్ళాడు. కుడివైపు బాగానే ఉంది, తల తిప్పితే కారు కనిపిస్తుంది. ఎడమ డోర్ పక్కన రెండడుగుల దూరంలో పెట్టాక, కిటికీలోంచి కారు పూర్తిగా మాయం. ఎడమ అద్దంలో డిక్కీ మూల కొంచెం కనిపించింది, అదీ ఎక్కడుందో తెలుసు కాబట్టి వెతికితే. సరిగ్గా వెనక పెడితే సున్నా. లారీకి లోపలి అద్దం ఉన్నా ఉపయోగం లేదు, వెనకంతా బాడీయే కదా. బంపర్‌కి ఆనుకుని ముందు ఒక పదేళ్ళ పిల్లాడంత ఎత్తు డ్రమ్ము పెడితే అది కూడా కనిపించలేదు.

నేను దిగుతుంటే డ్రైవర్ బాబాయ్ నవ్వి ఒక మాట అన్నాడు. "నువ్వు ఆగున్న బండిలో, పగలు, వెతుకుతూ చూశావు అబ్బాయ్. నేను వాన్లో అరవై మీద పోతా చూడాలి. ముందైతే క్లీనరు ఉండేవాడు, ఎడమ పక్కనుంచి తలుపు మీద కొట్టేవాడు. ఇప్పుడు క్లీనర్ జీతం ఎవరిస్తారు?" ఈ మాట నాకు బాగా తగిలింది. క్లీనర్ అంటే బండి కడిగే కుర్రాడు అనుకుంటాం. ఆ బండికి ఎడమ కన్ను అతనే. చాలా లారీలు ఇప్పుడు ఆ కన్ను లేకుండానే తిరుగుతున్నాయి.

మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. లారీ అద్దంలో డ్రైవర్ మొహం మీకు కనిపించకపోతే, ఆయన అద్దంలో మీరూ లేరు. ఆ చోట్లో పక్కపక్కన వెళ్తూ ఉండకండి. దాటితే గబగబా దాటండి, లేదా వెనక్కి రండి. టూ వీలర్ మీద ఉన్నవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. సిగ్నల్ దగ్గర లారీ ఎడమ పక్కన సందులో బండి పెట్టొద్దు. పొడుగు ట్రెయిలర్ ఎడమకి తిరగాలంటే ముందు కుడికి జరుగుతుంది, అప్పుడు ఎడమవైపు బోలెడు జాగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత వెనక చక్రాలు లోపలికి కోసుకుంటూ అదే జాగాలోకి వస్తాయి.

ఇక్కడ మీరు అడుగుతారు, "మరి లారీ రైట్ లేన్‌లో ఉంటే మేము ఎడమ నుంచి కాక ఎటు నుంచి ఓవర్‌టేక్ చెయ్యాలి?" న్యాయమైన ప్రశ్నే. ఓఆర్ఆర్ మీద అయితే లేన్లు స్పష్టంగా చెప్పారు. డివైడర్ పక్కనున్న ఒకటీ రెండూ లేన్లు వేగంగా వెళ్ళే కార్లకి, మూడూ నాలుగూ పెద్ద బండ్లకి. అక్కడ లారీ ఒకటో లేన్‌లో ఉంటే అది పూర్తిగా దాని తప్పు. కానీ మామూలు నాలుగు లేన్ల హైవే మీద, అంటే ఒకవైపు రెండే లేన్లు ఉన్నచోట, లారీ వాళ్ళు చెప్పే కారణం వినండి. ఎడమ లేన్‌లో ఏముంటాయి? ఆటోలు, రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు, బస్సు కోసం రోడ్డెక్కి నిలబడ్డ జనం, ఆగి ఉన్న వేరే లారీలు, సీజన్‌లో లైట్లు లేని పత్తి ట్రాక్టర్లు, ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పెట్టిన రాళ్ళు. ప్రతిదానికీ 28 టన్నులని ఆపి, మళ్ళీ ఫస్ట్ గేర్ నుంచి లేపాలి. డీజిల్ ఎవరి జేబులోంచి పోతుంది? అందుకని కుడికి వెళ్ళి అక్కడే ఉండిపోతారు. ఇది కరెక్ట్ అని కాదు. కానీ పొగరుతో చేస్తున్నారు అనుకుని కోపంతో ఎడమ నుంచి దూసుకెళ్ళడం వేరు, ఎడమ లేన్ ఖాళీగా ఎందుకుందో ఆలోచించి వెళ్ళడం వేరు. మీకు ఖాళీగా కనిపిస్తున్న లేన్‌లో, ఆ లారీ బాడీ చాటున, ఆయన తప్పించుకుంటున్న వస్తువు ఏదో ఉండొచ్చు.

లారీ లారీని ఓవర్‌టేక్ చెయ్యడం ఇంకో తలనొప్పి. ఒకటి 45లో, ఒకటి 50లో. తేడా 5 కి.మీ. పూర్తిగా దాటడానికి సుమారు 50 మీటర్లు ముందుకెళ్ళాలి, 36 సెకన్లు పడుతుంది. వెనక 100 మీద వచ్చే మీరు ఆ 36 సెకన్లలో కిలోమీటరు వచ్చేస్తారు. అంటే దూరంగా రెండు లారీల ఎర్ర లైట్లు పక్కపక్కన కనిపించిన క్షణంలోనే యాక్సిలరేటర్ మీద కాలు తియ్యాలి. దగ్గరికెళ్ళి హారన్ కొడితే ఆ ఇంజిన్‌కి కొత్తగా బలం రాదు.

ఇండికేటర్ల భాష గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది నిజంగా గందరగోళం. కొందరు లారీ డ్రైవర్లు కుడి ఇండికేటర్ వేస్తే "కుడి నుంచి వెళ్ళిపో" అని అర్థం. కొందరు వేస్తే "నేను కుడికి వస్తున్నా, ఆగు" అని. ఎడమ ఇండికేటర్‌కి "నేను పక్కకి జరుగుతున్నా, పో" అని ఒక అర్థం, నిజంగా ఎడమకి తిరగడం ఇంకో అర్థం. చెయ్యి ఊపడం వేరే ఉంది. నా పద్ధతి ఏంటంటే, ఇండికేటర్ ఆ బండి ఎటు వెళ్తుందో మాత్రమే చెప్తుంది అనుకుంటా. అది నాకు పర్మిషన్ అని ఎప్పుడూ అనుకోను. ముఖ్యంగా సింగిల్ రోడ్డు మీద. ఎదురుగా ఏముందో నా కళ్ళతో కనిపించకపోతే, ఎవరు చెయ్యి ఊపినా వెళ్ళను.

లారీ వెనక అతుక్కుని వెళ్ళడం కూడా అదే కథ. అతుక్కుంటే మీకు కనిపించేది "సౌండ్ హారన్" అనే అక్షరాలు మాత్రమే. ముందు లారీ ఆగి ఉన్న ఇంకో బండిని చూసి చివర్లో పక్కకి తప్పుకుందంటే, తెర తీసినట్టు అది మీ ముందు ప్రత్యక్షమవుతుంది. మూడు సెకన్ల గ్యాప్ ఉంచండి. రోడ్డు పక్క స్తంభాన్ని లారీ దాటాక, మీరు దాటేసరికి నెమ్మదిగా మూడు లెక్కపెట్టగలగాలి. ఇనుప రాడ్లు వేసుకెళ్ళే బండి అయితే మూడు కూడా వద్దు, వదిలేసి వేరే లేన్‌లోకి వెళ్ళిపోండి. బాడీ దాటి రాడ్లు బయటికి రాకూడదని రూల్ ఉంది. రాత్రి ఆ రాడ్ల చివర్లకి రూల్ తెలీదు.

నిద్ర సంగతి. రాత్రి రెండు నుంచి అయిదు మధ్య మనిషి శరీరం నిద్ర కోరుకుంటుంది, డ్రైవర్ ఎవరైనా ఒకటే. మన దేశంలో 1961లోనే మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్ల చట్టం వచ్చింది. రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలే పని, అయిదు గంటలకి ఒకసారి కనీసం అరగంట రెస్ట్ అని అందులో ఉండేది. యార్డులో ఈ మాట చదివి వినిపిస్తే నలుగురు డ్రైవర్లు ఒకేసారి నవ్వారు. ట్రిప్పు లెక్కన డబ్బులొచ్చేవాడికి గంటల లెక్క ఎవరు చూస్తారు? క్యాబిన్ కింద ఇంజిన్ వేడి, మే నెలలో జగ్గయ్యపేట దగ్గర సిమెంట్ ఫ్యాక్టరీల బయట లోడింగ్ కోసం పగలంతా ఎండలో వెయిటింగ్, రాత్రి డ్రైవింగ్. కొత్తగా తయారయ్యే మీడియం, హెవీ లారీల క్యాబిన్లకి ఏసీ తప్పనిసరి అయ్యింది 2025లో. పాత బండ్లు ఇంకా ఏళ్ళ తరబడి తిరుగుతాయి.

ఇటు మనం? పొద్దున్న తొమ్మిది నుంచి కాల్స్‌లో కూర్చుని, పద్నాలుగు గంటలు మేలుకుని, రాత్రి పదింటికి స్టీరింగ్ పట్టుకుంటాం. తెల్లారి మూడింటికి కోదాడ దగ్గర, పందొమ్మిది గంటలుగా నిద్ర లేని కారు డ్రైవర్, అంతే నిద్ర లేని లారీ డ్రైవర్ పక్కపక్కన వెళ్తుంటారు. ఏసీ, మెత్తటి సీటు, లో-ఫై పాటలు ఉన్న మనకే ముందు కునుకు పట్టేది. శనివారం పొద్దున్న అయిదింటికి బయల్దేరితే టిఫిన్ దారిలో, మధ్యాహ్నం భోజనం ఇంట్లో. ఊరు ఎక్కడికీ పోదు.

2024 జనవరిలో లారీ డ్రైవర్ల సమ్మె గుర్తుందా? హైదరాబాద్‌లో పెట్రోల్ బంకుల దగ్గర కిలోమీటర్ల క్యూలు, ఒక డెలివరీ అబ్బాయి గుర్రం మీద ఫుడ్ ఇవ్వడానికి వెళ్ళిన వీడియో అందరం ఫార్వర్డ్ చేశాం. ఆ సమ్మె ఎందుకో మాత్రం చాలామంది చూడలేదు. కొత్త భారతీయ న్యాయ సంహితలో, యాక్సిడెంట్ చేసి మనిషి చనిపోతే చెప్పకుండా పారిపోయిన డ్రైవర్‌కి పదేళ్ళ దాకా జైలు అని పెట్టారు. పారిపోవడం తప్పు కదా అంటే, తప్పే. డ్రైవర్లు చెప్పేది ఏంటంటే, ఆగితే జనం కొట్టి చంపేస్తారు, ఎవరిది తప్పైనా పెద్ద బండిదే తప్పంటారు అని. చివరికి ప్రభుత్వం ఆ ఒక్క సెక్షన్‌ని పక్కన పెట్టి, 2024 జులై 1న మిగతా చట్టాన్ని అమల్లోకి తెచ్చింది. నా అభిప్రాయం అడిగితే, పారిపోతే శిక్ష ఉండాలి. అయితే ఆగినవాడిని కొట్టే గుంపుకి కూడా ఉండాలి. రోడ్డు మీద ఒకడిని పదిమంది కొడుతుంటే ఫోన్ తీసి రికార్డ్ చేసే ముందు 112కి కొట్టండి.

చివరిగా, మీ కారే హైవే మీద ఆగిపోతే? ఇంతసేపు ఆగి ఉన్న లారీ గురించి మాట్లాడుకున్నాం, ఇప్పుడు వెనక నుంచి వచ్చేది లారీ. కదిలే ఓపిక బండికి ఉంటే, టైరు పాడైపోయినా సరే, పూర్తిగా ఎడమ అంచుకి తీసుకెళ్ళండి. రిమ్ము ఖర్చు గురించి తర్వాత ఏడవొచ్చు. హజార్డ్ లైట్లు వెయ్యండి. అందరూ ఎడమ డోర్ల నుంచి దిగి, మెటల్ రెయిలింగ్ దాటి అవతల నిలబడాలి. కారులో కూర్చుని ఏసీలో వెయిట్ చెయ్యొద్దు, కారు వెనక నిలబడి ఫోన్ మాట్లాడొద్దు. డిక్కీలో ఎర్ర త్రికోణం ఉంటుంది, కారుతో పాటే వస్తుంది, చాలామంది ప్యాకింగ్ కూడా విప్పి ఉండరు. దాన్ని వెనక్కి బాగా దూరం తీసుకెళ్ళి పెట్టాలి. 80లో వచ్చే లారీ ఆగడానికి 93 మీటర్లు అని చెప్పుకున్నాం కదా, కాబట్టి పది అడుగుల్లో పెడితే ఉపయోగం లేదు, వంద పెద్ద అంగలు వెయ్యండి. రోడ్డు మీద కాదు, రెయిలింగ్ అవతల నడుస్తూ, వచ్చే బండ్ల వైపు చూస్తూ. తర్వాత 1033కి ఫోన్ చెయ్యండి, అది నేషనల్ హైవేల హెల్ప్‌లైన్, క్రేన్ కావాలన్నా అంబులెన్స్ కావాలన్నా. ఎక్కడున్నారని అడుగుతారు. రోడ్డు పక్కన ఉన్న కిలోమీటర్ రాయి మీద నంబర్ చదివి చెప్తే చాలు. రాత్రి ఆగి ఉన్న లారీ కనిపించినా ఇదే నంబర్‌కి చెప్పొచ్చు, కానీ బండి నడుపుతూ కాదు, పక్కసీట్లో వాళ్ళతో చేయించండి.

ట్రాక్టర్ ట్రాలీల లైట్ల గురించి చాలామంది అడిగారు, అది పెద్ద సబ్జెక్ట్, వచ్చే ఎపిసోడ్‌లో. మీ ఇంట్లో ఎవరైనా లారీ నడిపినవాళ్ళు ఉంటే, కార్ల వాళ్ళు చేసే ఏ పనికి వాళ్ళకి గుండె ఆగినంత పనవుతుందో అడిగి కామెంట్లో రాయండి. బాబాయ్‌కి కూడా చూపిస్తా.